జాబ్ కార్డ్‌లో ఉన్నవన్నీ అవసరమా? కార్ సర్వీస్ బిల్లుపై నా ఒపీనియన్

ఆన్‌లైన్‌లో ఫోన్ ఆర్డర్ పెడుతున్నారు. పేమెంట్ పేజీకి వెళ్లేసరికి మీరు అడగని స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ ఒకటి కార్ట్‌లో కూర్చుని ఉంటుంది. టిక్ వాళ్లే పెట్టేశారు. మీరు గమనిస్తే తీసేస్తారు, లేదంటే డబ్బులు పోతాయి. దీనికి బాస్కెట్ స్నీకింగ్ అని పేరు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది. అందులో 13 రకాల ట్రిక్కులను పేరుపెట్టి మరీ చేయకూడదంది. బాస్కెట్ స్నీకింగ్ వాటిలో ఒకటి. "వద్దు, నా ఫోన్ పగిలినా పర్లేదు" అని రాసిన బటన్ నొక్కించి మనల్ని సిగ్గుపడేలా చేసే కన్ఫర్మ్ షేమింగ్ ఇంకొకటి.

ఆ గైడ్‌లైన్స్ ముఖ్యంగా ఆన్‌లైన్ ప్లాట్‌ఫారమ్‌లను దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. కానీ ఇవే రెండు ట్రిక్కులు ఏ యాప్ లేకుండా, ఏసీ గదిలో, కాఫీ ఇచ్చి మరీ జరిగే చోటు ఒకటుంది. అదే కార్ సర్వీస్ సెంటర్ కౌంటర్. మీరు అడగని ఆరు ఐటమ్స్ ఎస్టిమేట్‌లో ముందే ఎక్కి ఉంటాయి. ఒకటి తీసేయమంటే, "మీ ఇష్టం సార్, ఇంజన్‌కి ఏమన్నా అయితే మళ్లీ మమ్మల్ని అనొద్దు" అంటారు. ఇది కన్ఫర్మ్ షేమింగ్ కాకపోతే మరేంటి?

ఫోన్ల సైట్‌లో కార్ గోల ఏంటి అనుకోకండి. ఇరవై వేల ఫోన్ కొనేముందు ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ, ఛార్జింగ్ స్పీడ్ అన్నీ చూసి పది రివ్యూలు చదువుతాం. అదే మనం ఎనిమిది లక్షల కార్ సర్వీస్‌కి ఇచ్చి, ఎస్టిమేట్ చదవకుండానే సంతకం పెడతాం. కార్‌కి కూడా స్పెక్ షీట్ ఉంది. అది గ్లవ్ బాక్స్‌లోనే ఉంటుంది. చాలామంది దాని ప్లాస్టిక్ కవర్ కూడా తీయరు.

మా ఏరియాలో పరిస్థితి

మాది హిందూపురం. నాన్నకి సిల్క్ దారం వ్యాపారం. పది పదిహేను రోజులకోసారి సోమందేపల్లి, పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లొస్తారు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూ వీకెండ్స్‌కి ఇంటికొస్తాను.

ఇప్పుడు మా వైపు కార్లు బాగా పెరిగాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో అక్కడి నుంచి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారు చేయగల ప్లాంట్ అది. కార్లు తయారయ్యే ఊరి పక్కనే ఉంటున్నాం. కానీ మన ఇళ్లల్లో చాలావరకు ఇదే మొదటి కార్. ఇంట్లో కార్ గురించి తెలిసిన పెద్దవాళ్లు ఎవరూ లేరు. బైక్ అయితే ఏ పార్ట్ ఎప్పుడు మార్చాలో నాన్నకి నోటికొచ్చు. కార్ దగ్గరికొచ్చేసరికి సర్వీస్ అడ్వైజర్ ఏం చెబితే అదే. "సరే, చేసెయ్యప్పా" అంటారు.

నేను ఇక్కడ ఏ ఒక్క కంపెనీ గురించీ మాట్లాడటం లేదు. ఇంతకుముందు వేరే కంపెనీ కార్ వాడిన బంధువులనీ అడిగాను, ఆఫీసులో కొలీగ్స్‌నీ అడిగాను. పేర్లు మారుతున్నాయి, లిస్ట్ మాత్రం మారట్లేదు.

ఒక ఎస్టిమేట్‌ని విప్పి చూద్దాం

నాన్నది 2020 మొదట్లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఈ ఏడాది 40,000 కిలోమీటర్ల సర్వీస్ వచ్చింది. ఇచ్చిన ఎస్టిమేట్ ట్యాక్సులతో కలిపి 15,360 రూపాయలు. నేను మాన్యువల్‌లోని మెయింటెనెన్స్ షెడ్యూల్ పేజీ పక్కన పెట్టుకుని ఒక్కో లైన్ చెక్ చేశాను.

మాన్యువల్‌లో ఉన్నవి:

- ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్: 2,650
- ఎయిర్ ఫిల్టర్: 420
- ఏసీ క్యాబిన్ ఫిల్టర్: 480
- స్పార్క్ ప్లగ్స్: 760
- లేబర్: 1,900

మొత్తం 6,210. వీటి గురించి వాదన లేదు.

మాన్యువల్‌లో లేనివి:

- ఇంజన్ ఫ్లష్: 650
- ఆయిల్ అడిటివ్: 550
- థ్రాటిల్ బాడీ క్లీనింగ్: 900
- ఏసీ డిసిన్ఫెక్షన్: 1,100
- అండర్‌బాడీ కోటింగ్: 2,900
- టెఫ్లాన్ కోటింగ్: 1,950

ఇవి 8,050. మధ్యలో వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,100 ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

ఇక్కడివరకు మీరు ఊహించేదే. అసలు పాయింట్ వేరే ఉంది. మాన్యువల్ ప్రకారం ఈ సర్వీస్‌లో మార్చాల్సిన బ్రేక్ ఫ్లూయిడ్ ఎస్టిమేట్‌లో లేదు! కార్‌ని మెరిపించే ఐటమ్ ఉంది, కార్‌ని ఆపే ఐటమ్ లేదు. నేను అడిగితే, "అవును సార్, యాడ్ చేస్తా" అన్నాడు. 750 రూపాయలు. అంతే.

ఎందుకిలా అంటే సమాధానం సింపుల్. డీలర్లకు కొత్త కార్ అమ్మితే మిగిలేది తక్కువ, వర్క్‌షాప్‌లో మిగిలేది ఎక్కువ. ఈ కోటింగులు, క్లీనింగులకు వాళ్ల భాషలో వాల్యూ యాడెడ్ సర్వీస్ అని పేరు. అడ్వైజర్లకు వీటి మీద టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు ఉంటాయి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చినందుకు ఎవరికీ ఇన్సెంటివ్ రాదు. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు కూడా మన ఊరి వాడే, డిప్లొమా చేసి జాబ్‌లో చేరినవాడు. అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. సిస్టమ్ అలా డిజైన్ అయ్యింది.

నా ఫిల్టర్: రెండే ప్రశ్నలు

ఏ ఐటమ్ అయినా సరే, నేను రెండు ప్రశ్నలు అడుగుతాను.

ఒకటి: ఇది మాన్యువల్‌లో ఈ కిలోమీటర్లకి, ఈ టైమ్‌కి రాసి ఉందా?

రెండు: రాసి లేకపోతే, మీరు ఏం కొలిచి ఇది కావాలంటున్నారు? ఆ రీడింగ్ చూపించండి.

రెండింటికీ జవాబు లేకపోతే ఆ ఐటమ్ తీసేయొచ్చు. ఫోన్ బ్యాటరీ మార్చాలంటే బ్యాటరీ హెల్త్ ఎంత శాతం ఉందో అడుగుతాం కదా, ఇదీ అలాంటిదే. "చేయిస్తే మంచిది సార్" అనేది రీడింగ్ కాదు.

తప్పకుండా చేయించాల్సినవి

ఇంజన్ ఆయిల్: చాలా పెట్రోల్ కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. "మా కార్ ఏడాదిలో మూడు వేలే తిరిగింది, ఎందుకు?" అని కొందరు ఆపేస్తారు. అది కరెక్ట్ కాదు. ఇంటి నుంచి మార్కెట్‌కి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల ఏర్పడిన తేమ, కాలని పెట్రోల్ ఆయిల్‌లోనే కలిసి ఉండిపోతాయి. గ్రేడ్ మాత్రం మాన్యువల్‌లో ఏది ఉంటే అదే. 0డబ్ల్యూ-20 రాసిన ఇంజన్‌కి "మన ఎండలకి చిక్కటిది మంచిది" అని ఇంకోటి పోయించకండి.

బ్రేక్ ఫ్లూయిడ్: దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పెరిగేకొద్దీ దాని మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస లిమిట్ 155 డిగ్రీలకు వచ్చేస్తుంది. టౌన్‌లో నడిపితే మీకు తేడా తెలియదు. నంది హిల్స్ దిగేటప్పుడో, తిరుమల ఘాట్ దిగేటప్పుడో బ్రేక్ మీద కాలు పెట్టుకుని వస్తారు చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు వస్తే, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కానీ ఫోర్స్ చక్రాల దాకా వెళ్లదు. చాలా కంపెనీలు రెండేళ్లకో, 40,000 కిలోమీటర్లకో మార్చమంటాయి. తేమ కొలిచే పెన్ లాంటి టెస్టర్ వర్క్‌షాపుల్లో ఉంటుంది, అడిగి చెక్ చేయించుకోవచ్చు.

కూలెంట్: మాన్యువల్ చెప్పినప్పుడు, మాన్యువల్ చెప్పిన రకమే. ఈ మధ్య కార్లలో వచ్చే లాంగ్ లైఫ్ కూలెంట్ చాలా ఏళ్లు వస్తుంది, ప్రతి సర్వీస్‌కీ మార్చక్కర్లేదు. కానీ తగ్గిందని బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన ఇళ్లల్లో గీజర్ రాడ్‌కి, స్టీల్ బిందెకి తెల్లగా ఎలా పేరుకుంటుందో చూస్తున్నాం కదా. అదే రేడియేటర్ లోపల పేరుకుంటుంది.

టైర్లు: పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. 4819 అని ఉంటే 2019లో 48వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం కూడా ఆ టైర్ రోడ్డు మీద ఉండకూడదు. గాడుల మధ్యలో చిన్న దిమ్మె ఉంటుంది, టైర్ అరిగి ఆ దిమ్మెతో సమానం అయితే పని అయిపోయినట్టే. లోతు బాగున్నా, ఐదేళ్లు దాటాక పక్క గోడల మీద పగుళ్లు ఉన్నాయేమో ఏటా చూపించుకోవాలి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఏరియాలో, ఎన్‌హెచ్ 44 మీద వంద స్పీడ్‌లో వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఫిల్టర్లు: ఇక్కడ నేను డీలర్ వైపే మాట్లాడతాను. మాన్యువల్‌లో సివియర్ కండిషన్స్ అని ఇంకో టేబుల్ ఉంటుంది. దుమ్ము రోడ్లు, ఎక్కువ వేడి, తరచూ చిన్న చిన్న ట్రిప్పులు ఉంటే అది వర్తిస్తుంది. మన ప్రాంతానికి అందులో మూడూ సరిపోతాయి. అందుకే "ఎయిర్ ఫిల్టర్ కాస్త ముందే మార్చాలి సార్" అంటే వెంటనే కొట్టిపారేయకండి. ఫిల్టర్ తీసి చూపించమనండి. నల్లగా, మట్టితో నిండి ఉంటే మార్చేయండి. ఏసీ క్యాబిన్ ఫిల్టర్ అయితే చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. ఫోన్‌కి సిమ్ మార్చినంత ఈజీ అనను కానీ, పది నిమిషాల పని. వీడియో చూసి మీరే చేసుకోవచ్చు.

రీడింగ్ చూపిస్తేనే చేయించాల్సినవి

వీల్ అలైన్‌మెంట్: స్టీరింగ్ ఒక పక్కకి లాగుతున్నా, టైర్ ఒక అంచు ఎక్కువ అరిగినా, పెద్ద గుంతలో పడ్డా చేయించాలి. మెషిన్ ముందు రీడింగ్, తర్వాత రీడింగ్ ప్రింట్ ఇస్తుంది. ఆ కాగితం అడగండి. నాన్న కార్ ముందు టైర్లు లోపలి అంచు అరిగి ఉన్నాయి, అందుకే ఆ 1,100 ఉంచాం.

బ్యాటరీ: మార్చాలంటే లోడ్ టెస్ట్ స్లిప్ చూపించాలి. రాత్రంతా ఆపి ఉంచిన కార్‌లో ఫుల్ ఛార్జ్ బ్యాటరీ 12.6 వోల్ట్‌ల దగ్గర ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు.

బ్రేక్ ప్యాడ్స్: "అరిగిపోయాయి" అంటే కుదరదు, ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో చెప్పాలి. జాబ్ కార్డ్ మీద రాయించండి.

థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్: సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వణుకుతున్నా, ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతున్నా చేయించొచ్చు. ఏ ప్రాబ్లమ్ లేకుండా ప్రతి సర్వీస్‌కీ అక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్6 పెట్రోలే వస్తోంది.

ఏసీ డిసిన్ఫెక్షన్: ఏసీ వేయగానే ముక్క వాసన వస్తే ఆలోచించండి. ముందు ఫిల్టర్ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

డీజిల్ వాళ్లకు ఒక మాట. బీఎస్6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ ఉంటుంది. టౌన్‌లోనే తిప్పితే అది మూసుకుపోతుంది. లైట్ వెలిగితే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద కాసేపు నిలకడగా నడిపితే చాలావరకు అదే క్లీన్ అవుతుంది. లైట్ వెలిగినా పట్టించుకోకుండా తిప్పితేనే పెద్ద బిల్లు.

నిర్భయంగా వద్దనేయాల్సినవి

ఇంజన్ ఫ్లష్, ఆయిల్ అడిటివ్: టైమ్‌కి ఆయిల్ మార్చే ఇంజన్‌కి ఫ్లష్‌తో పనిలేదు. మంచి ఆయిల్‌లో క్లీనింగ్ కెమికల్స్ ముందే కలిపి ఉంటాయి, మీరు ఆ 2,650లో డబ్బు కట్టేది వాటికి కూడా. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని పాత ఇంజన్‌లో ఫ్లష్ పోస్తే, ఊడివచ్చిన మడ్డి ఆయిల్ దారిలో అడ్డుపడే రిస్క్ కూడా ఉంది. అంటే బాగున్న ఇంజన్‌కి అనవసరం, బాగాలేని ఇంజన్‌కి ప్రమాదం.

అండర్‌బాడీ కోటింగ్: కాకినాడలోనో విశాఖలోనో ఉంటే, ఉప్పు గాలి ఉంది కాబట్టి ఆలోచించమంటాను. మనది దేశంలోనే అతి తక్కువ వానలు పడే ప్రాంతాల్లో ఒకటి. చెరువు నిండితేనే పండగ చేసుకుంటాం. ఇక్కడ కార్ అడుగు తుప్పు పడుతుందని 2,900 కట్టమంటే ఎలా? పైగా ఇప్పటి కార్లకు ఫ్యాక్టరీలోనే తుప్పు పట్టకుండా ట్రీట్‌మెంట్ చేస్తారు.

టెఫ్లాన్ కోటింగ్: ఫోన్‌కి స్కిన్ వేయించినట్టు. మీకు మెరుపు ఇష్టమైతే వేయించుకోండి, తప్పులేదు. కానీ అది మెయింటెనెన్స్ కాదు, మేకప్.

నైట్రోజన్ గాలి: మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏ గాలి పట్టించారన్నదానికంటే, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెజర్ రెండు వారాలకోసారి చూసుకుంటున్నారా అన్నది ముఖ్యం.

బయట చేయిస్తే వారంటీ పోతుందా?

అడ్వైజర్ దగ్గరుండే పెద్ద ఆయుధం ఇదే. "ఇది చేయించకపోతే వారంటీ ఇష్యూ అవుతుంది సార్" అంటారు. మాన్యువల్‌లో లేని కోటింగ్ వద్దన్నంత మాత్రాన ఇంజన్ వారంటీ పోదు. అలా పోతుందని ఎవరైనా అంటే వారంటీ బుక్‌లెట్‌లో ఆ లైన్ చూపించమనండి. రాసి ఇవ్వమనండి. అక్కడితో టాపిక్ మారిపోతుంది.

బయటి గ్యారేజ్ సంగతికొస్తే, 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఒక పెద్ద ఆర్డర్ ఇచ్చింది. 14 కార్ కంపెనీలకు కలిపి దాదాపు 2,544 కోట్ల రూపాయల ఫైన్ వేసింది. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజ్‌లకు దొరక్కుండా చేయడం, బయట రిపేర్ చేయిస్తే వారంటీ రద్దు అనడం పోటీని దెబ్బతీస్తున్నాయని అంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. కానీ మనం అడిగే ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదని పదేళ్ల క్రితమే తేలింది.

ప్రాక్టికల్‌గా నేను ఫాలో అయ్యేది ఇది. వారంటీ ఉన్నన్నాళ్లు షెడ్యూల్‌లో ఉన్న సర్వీసులు ఆథరైజ్డ్ సెంటర్‌లోనే, టైమ్‌కి, బిల్లుతో. ఎక్స్‌ట్రాలు మాత్రం వద్దు. ఏదైనా పెద్ద క్లెయిమ్ వస్తే ఆ బిల్లులే మన సాక్ష్యం. వారంటీ అయిపోయాక నమ్మకమైన లోకల్ గ్యారేజ్ బెస్ట్. అక్కడ కూడా కళ్లు మూసుకోకండి. ఆయిల్ సీల్డ్ క్యాన్ మీ ముందే ఓపెన్ చేయించండి, పార్ట్ బాక్స్ చూడండి, ఖాళీ క్యాన్ మీరే తెచ్చేసుకోండి. మా గ్యారేజ్ అన్న అయితే పాత పార్ట్ చేతిలో పెట్టి, ఎక్కడ పోయిందో చూపించాకే డబ్బులు అడుగుతాడు. నాకు కావాల్సిన రిపోర్ట్ అదే.

అసలు నష్టం డబ్బు కాదు

"ఏడెనిమిది వేల కోసం ఇంత గొడవెందుకు?" అని మీకు అనిపించొచ్చు. నిజానికి నా బాధ ఆ డబ్బు గురించి కాదు.

ధర్మవరంలో మా చిన్నాన్న ఉన్నాడు. వారంటీ ఉన్నప్పుడు ప్రతిసారీ పన్నెండు వేలు, పదహారు వేలు బిల్లు కట్టాడు. ఏం చేశారో ఆయనకి అర్థం కాలేదు, కార్‌లో తేడా కూడా కనిపించలేదు. వారంటీ అయిన రోజు నుంచి సర్వీస్ సెంటర్ మెట్లు ఎక్కలేదు. "వాళ్లంతా దోచుకునేవాళ్లేరా" అన్నాడు. బయట ఆయిల్ ఒక్కటే మార్పించాడు, అంతే. కార్ కొన్నప్పటి నుంచి బ్రేక్ ఫ్లూయిడ్ మార్చలేదు. పోయినేడాది నంది హిల్స్ నుంచి పిన్నినీ, పిల్లల్నీ తీసుకుని దిగుతుంటే పెడల్ మెత్తబడిపోయింది. సెకండ్ గేర్‌లోకి దించి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగుతూ పక్కన ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. గ్యారేజ్‌లో చూస్తే ఫ్లూయిడ్ కాఫీ డికాషన్ రంగులో ఉంది.

అక్కర్లేనివి పది అంటగడితే, కస్టమర్ ఆ పదీ మానేసి ఊరుకోడు. అవసరమైనవి కూడా నమ్మడం మానేస్తాడు. అన్ని నోటిఫికేషన్లూ "అర్జెంట్" అని వస్తే మనం ఏం చేస్తాం? యాప్‌నే మ్యూట్ చేస్తాం. ఆ మ్యూట్‌లో నిజంగా అర్జెంట్ అయిన మెసేజ్ కూడా పోతుంది. మా చిన్నాన్న చేసింది అదే. ఆయన్ని తప్పుపట్టను. ఏది నిజమో ఏది సేల్స్ మాటో తెలుసుకునే వీలు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. మాన్యువల్ ఇంగ్లీష్‌లో ఉంది. ఎస్టిమేట్ షార్ట్‌కట్ పేర్లతో ఉంది. అడ్వైజర్ మాట ఒక్కటే తెలుగులో ఉంది.

నేను అడిగేది ఇంతే

సర్వీస్ సెంటర్లు ఎక్స్‌ట్రాలు అమ్మకూడదని నేను అనట్లేదు. షాప్ అన్నాక అమ్ముకుంటారు. మూడు మార్పులు చేస్తే చాలు.

ఒకటి, ఎస్టిమేట్ రెండు భాగాలుగా ఇవ్వాలి. పైన "కంపెనీ షెడ్యూల్ ప్రకారం", కింద "మా సలహా". కింద ఉన్నవాటికి ఏ టిక్కూ ముందే ఉండకూడదు.

రెండు, పార్ట్ మార్చాలి అన్న ప్రతి చోటా కొలిచిన నంబర్ రాయాలి. మిల్లీమీటర్లో, వోల్ట్‌లో, తేమ శాతమో.

మూడు, మెయింటెనెన్స్ షెడ్యూల్ టేబుల్‌ని తెలుగులో గోడ మీద పెట్టాలి. కాఫీ మెషిన్ పక్కన పెడితే ఇంకా మంచిది, అందరూ అక్కడే నిలబడతారు. దీనికి పెద్ద ఖర్చేం కాదు, ఒక ఫ్లెక్స్ చాలు.

వాళ్లు చేసేదాకా మనం చేయగలిగింది ఉంది. సర్వీస్‌కి వెళ్లే ముందు రోజు షెడ్యూల్ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు వెళ్తుంటే వాళ్ల వాట్సాప్‌కి పంపండి, ఏవి చేయించాలో తెలుగులో కింద టైప్ చేయండి. జాబ్ కార్డ్ మీద "నా పర్మిషన్ లేకుండా అదనపు పని చేయకూడదు" అని రాయించి, అప్పుడు సంతకం పెట్టండి. బిల్లులో ఒప్పుకోని ఐటమ్ వస్తే అక్కడే అడగండి. తేలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నాన్న ఎస్టిమేట్ చివరికి 8,060 దగ్గర ఆగింది. మిగిలిన 7,300కి ఇంకాస్త కలిపి, అదే వారం ముందు టైర్లు రెండూ మార్పించాం. వాటి కోడ్ 4819, పక్కన సన్నటి పగుళ్లు వచ్చేశాయి. ఆరు వేల నుంచి పదహారు వేల దాకా ఎన్ని సర్వీస్ బిల్లులు కట్టినా, ఆ టైర్ల సంగతి అంతవరకు ఎవరూ చెప్పలేదు. కోటింగ్‌కి పెట్టే డబ్బు టైర్‌కి పెట్టండి. నా వెర్డిక్ట్ అదే.